బఠాణీ గింజంత

ఆర్కాట్ రోడ్డులో, మందుల షాపు మీద మేడగదిలో
డాక్టర్ తిలకవతి మా ఇద్దరికీ ఒకే మందు రాసింది.
నాకు కళ్ళ పక్క గీతలకి,
మా మేదినికి బుగ్గల మీద మొటిమలకి.
పదిహేడేళ్ళకీ నలభయ్యారేళ్ళకీ
ఒకే గొట్టంలో జవాబుంటుందని
నేనెప్పుడూ అనుకోలేదు.

"రాత్రి మాత్రమే. మొహం పూర్తిగా ఆరాక.
బఠాణీ గింజంత. ఎక్కువ రాస్తే
ఎక్కువ అందం రాదు, ఎక్కువ మంట వస్తుంది."
ఆవిడ తమిళంలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను.
"ఎండ తగలకూడదు" అంది.
కిటికీ బయట మద్రాసు మే నెల
ఆ మాట విని నవ్వినట్టుంది.

తర్వాత కళ్ళజోడు పైనుంచి చూస్తూ
"గర్భం గానీ, ఆ ఆలోచన గానీ?" అని అడిగింది.
ముందు దాన్ని. తర్వాత నన్ను.
అది నేలచూపులు చూసింది.
నేను లేదని ఎంత తొందరగా అన్నానంటే
ఆ తొందరకి నాకే చివుక్కుమంది.
అడగాల్సిన ప్రశ్నే. చీటీ మీద టిక్కు పెట్టుకుంది.
మెట్లు దిగుతుంటే అనిపించింది,
నన్నింకా అడగదగ్గ మనిషిగానే లెక్కేసిందని.

నా పని గొంతుది.
సాలిగ్రామంలో చీకటిగదిలో, ఏసీ చలిలో,
తెర మీద ఇరవై రెండేళ్ళ పిల్ల పెదవులు కదిలితే
వాటి కింద నా తెలుగు పరుస్తాను.
ఆ మొహం రెండు బారలుంటుంది,
వెతికినా ఒక్క మచ్చ దొరకదు.
పందొమ్మిదేళ్ళుగా నా గొంతుకి ఇరవై దాటలేదు.
"నిన్నెవరూ చూడరు కదే, నీకెందుకీ క్రీము"
అంటుంది మా అక్క.
నిజమే. చూసేది నేనొక్కదాన్నే.
నేనూ ప్రేక్షకురాలినే కదా.

మూడో వారం మొహం రాలడం మొదలైంది
పాత సున్నం గోడలా, ముక్కు పక్కన, గడ్డం మీద.
హెడ్‌ఫోన్ నల్ల స్పాంజి మీద తెల్లటి పొట్టు.
ఇంజనీరు ఇళంగో చూసి, ఏమీ అనకుండా
చొక్కా అంచుతో తుడిచేశాడు.
పక్కింటివాళ్ళు కొబ్బరినూనె అన్నారు, శనగపిండి అన్నారు.
డాక్టరు ఓపిక అంది. దానికి మాత్రం చీటీ రాయలేదు.

మేదినికి ఇంకా ఘోరం.
తగ్గేముందు పెరుగుతాయట,
లోపల దాక్కున్నవన్నీ ఒక్కసారే బయటికొస్తాయట.
పదకొండు రోజులు కోచింగ్‌కి మాస్కుతో పోయింది,
టిఫిన్ డబ్బా మూత తీయకుండా తెచ్చింది.
"ఇప్పుడు ఇవి, తర్వాత నీలా గీతలు,
మధ్యలో ఒక్కరోజైనా బాగుంటుందా మొహం?"
తెర మీదైతే ఏదో ఒకటి అనేదాన్ని,
పెదవులు మూసుకునేలోపు అమరే మాట.
ఇంట్లో నాకెవరూ కాగితం రాసివ్వరు.

ఆ రాత్రి అద్దం ముందు కూచోబెట్టి
నుదుట ఒకటి, బుగ్గకొకటి, గడ్డానికొకటి చుక్కలు పెట్టాను.
చంటిదప్పుడు ఇదే బుగ్గన కాటుకతో దిష్టిచుక్క,
అందరూ చూస్తారని నా భయం.
ఇప్పుడు తెల్లచుక్కలు,
ఎవరైనా చూస్తారని దాని భయం.
కంటిదాకా పోకుండా వేలితో మెల్లగా కలిపాను.
తర్వాత అది నాకు పెట్టింది.
వేలు కణత దగ్గర ఆగింది.
"ఇక్కడ మూడున్నాయి."
"నాలుగు. నాలుగోది నవ్వితేనే."

మొన్నొక సీను. హీరోయిన్ వానలో పగలబడి నవ్వాలి.
అయిదో టేకుకి నా నోటిమూల చిట్లింది,
రాత్రి క్రీము జారి ఎండిపోయిన చోట. ఉప్పగా తగిలింది.
ఇళంగో బొటనవేలు ఎత్తాడు.
ఆ నవ్వు అలాగే వెళ్ళిపోయింది
బెజవాడకీ, వరంగల్‌కీ.

పన్నెండో వారం. అద్భుతమేం జరగలేదు.
మేదిని గడ్డం కాస్త చదునైంది.
నా నాలుగూ నాలుగే, కొంచెం పలచగా,
లేదా నా కళ్ళజోడు మార్చాలేమో.
గొట్టం మాత్రం బాగా సన్నబడింది.
నేను తోకనుంచి చుట్టుకొస్తాను, అది నడుము పట్టి నొక్కేస్తుంది.
"మధ్యలో నొక్కకే" అంటాను.
"మందంతా అక్కడే ఉందమ్మా" అంటుంది.